తిన్నంత కొరియన్ బార్బెక్యూ: మొదటిసారి వెళ్లేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

డాలస్‌కి వచ్చిన కొత్తలో ఆఫీసు స్నేహితులం ఆరుగురం కలిసి కారల్టన్‌లో ఒక కొరియన్ బార్బెక్యూకి వెళ్లాం. తలకి పాతిక డాలర్లు కడితే ఎంత కావాలంటే అంత మాంసం అన్నారు. పొద్దున్నుంచి ఏమీ తినకుండా ఆకలి దాచుకుని మరీ వెళ్లాం. మెనూలో పేర్లు ఒక్కటీ తెలియక "అన్నీ ఒక్కొక్క ప్లేటు తెచ్చేయండి" అన్నాం. పావుగంటలో బల్ల నిండా పచ్చి మాంసం. ముగ్గురు మూడు వైపుల నుంచి చాప్‌స్టిక్స్ పెట్టి తిప్పేస్తున్నారు. ఒక మూల చికెన్ మాడుతోంది, ఇంకో మూల పోర్క్ ఇంకా ఎర్రగానే ఉంది. ఏది ఎవరు ఎప్పుడు వేశారో ఎవరికీ తెలియదు. టైమ్ అయిపోయేసరికి నాలుగు ప్లేట్లు ముట్టుకోకుండా మిగిలాయి. మిగిల్చినందుకు బిల్లులో అదనంగా వేశారు. తప్పు మాదే, ఆ సంగతి మెనూ కింద రాసే ఉంది.

తర్వాత ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఇప్పుడు మా గుంపులో పట్టకారు నా చేతికే ఇస్తారు. ఇన్నేళ్లలో తెలిసిందేమిటంటే, అక్కడ కడుపు పెద్దదా చిన్నదా అన్నది అసలు లెక్కలోకి రాదు. ఆ పెనం మీద ఒక విడతకి ఎంత పడుతుంది, అది కాలడానికి ఎంతసేపు పడుతుంది అన్నదే లెక్క. కింద రాసినవన్నీ దాని చుట్టూ తిరిగేవే.

ముందు ఫోన్ చేసి అడగాల్సినవి

కొరియాలో దీన్ని "ముహాన్ రీపిల్" అంటారు, అంటే అంతులేని రీఫిల్. చాలాచోట్ల ఇది బఫే లాగా లేచి వెళ్లి తెచ్చుకునేది కాదు. బల్ల మధ్యలో గ్యాస్ పొయ్యో, బొగ్గుల కుంపటో ఉంటుంది. మీరు చెప్పిన పచ్చి మాంసం ప్లేట్లలో తెచ్చి ఇస్తారు, కాల్చుకోవడం మీ పని. అమెరికాలో లాస్ ఏంజెలస్ కొరియాటౌన్ ఈ తరహా హోటళ్లకు పుట్టినిల్లు లాంటిది. మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట్ల చూస్తే డాలస్ దగ్గర కారల్టన్, అట్లాంటా దగ్గర డులూత్, న్యూజెర్సీలో పాలిసేడ్స్ పార్క్, కాలిఫోర్నియాలో శాంటా క్లారా, వీటన్నిటిలోనూ కొరియన్ హోటళ్లు వరసగా కనిపిస్తాయి.

ఫోన్‌లో ధర ఒక్కటే అడిగి పెట్టేయకండి. చాలాచోట్ల రెండు మూడు రకాల ధరలుంటాయి. తక్కువ ధరలో పోర్క్, చికెన్, పల్చటి బీఫ్ వస్తాయి. గల్బి, అంటే పక్కటెముకల మాంసం, రొయ్యలు, స్టీకుల్లాంటివి పై ధరలో ఉంటాయి. బల్ల దగ్గర కూర్చున్న అందరూ ఒకే ధర తీసుకోవాలన్నది దాదాపు అన్నిచోట్లా ఉండే నియమం. ఒకరు పెద్దది, ఒకరు చిన్నది అంటే కుదరదు. మొదటిసారికి తక్కువ ధరదే చాలు. నిజం చెప్పాలంటే నాకు ఇప్పటికీ అందులో వచ్చే పోర్క్ బెల్లీనే ఇష్టం.

ఇంకా అడగాల్సినవి: టైమ్ ఎంత ఇస్తారు (గంటన్నర లేదా రెండు గంటలు మామూలు), చివరి ఆర్డర్ ఎప్పుడు తీసుకుంటారు, మిగిలితే ఎంత వేస్తారు, పిల్లలకు ఎంత. కొన్నిచోట్ల పిల్లల ధర వయసుని బట్టి కాకుండా ఎత్తుని బట్టి ఉంటుంది. గుమ్మం దగ్గర గోడకి గీత గీసి ఉంటుంది, మన ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ దగ్గర ఉన్నట్టు. శుక్ర, శనివారాలు సాయంత్రం ఏడుకి వెళ్తే గంటసేపు బయట నిలబడటం ఖాయం. ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి వెళ్లి చూడండి, లంచ్ ధర ఉన్నచోట డబ్బులూ కలిసొస్తాయి.

గుంపులో ఎవరెవరు ఏం తింటారు

మన గుంపుల్లో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఒకరు బీఫ్ తినరు, ఒకరు పోర్క్ ముట్టరు, ఒకరు చికెన్ వరకే, ఒకరు శనివారం శాకాహారం. కానీ పెనం ఒక్కటే. బీఫ్ కొవ్వు కరిగిన పెనం మీదే మీ చికెనూ కాలుతుంది. కొన్నిచోట్ల కూర్చోగానే పెనానికి కొవ్వు ముక్క రుద్ది మరీ పెడతారు. "నేను ఈ మూల కాల్చుకుంటాలే" అన్నది మాటవరసకే, కరిగిన కొవ్వు ఏ మూలా ఆగదు.

అందుకని ఆరుగురికి మించితే పక్కపక్కన రెండు బల్లలు అడగండి. ఒకదాని మీద చికెన్, రొయ్యలు, కూరగాయలు మాత్రమే. రెండో దాని మీద మిగతావి. మొహమాటపడకుండా కూర్చోకముందే చెప్పాలి, కాల్చడం మొదలుపెట్టాక కుదరదు. హలాల్ పట్టింపు ఉన్నవాళ్లు ముందే కనుక్కోవాలి, చాలాచోట్ల ఉండదు.

పూర్తి శాకాహారులను మాత్రం తీసుకెళ్లకండి. ఇది వాళ్ల మీద ప్రేమతో చెబుతున్న మాట. పూర్తి ధర కట్టి లెట్యూస్ ఆకులు, పుట్టగొడుగులు తిని రావాలి. పైగా శాకాహారంలా కనిపించేవాటిలో సగం శాకాహారం కావు. కిమ్చి అనే క్యాబేజీ ఊరగాయలో మామూలుగా చేపల సాసో, ఉప్పు రొయ్యలో పడతాయి. దోయెన్‌జాంగ్ జిగే అనే సోయా పులుసుకి ఎండు నెత్తళ్లు మరిగించిన నీళ్లే ఆధారం. జాప్‌చే అనే గాజు నూడుల్స్‌లో బీఫ్ ముక్కలు ఉండొచ్చు. మా గుంపులో ఒకాయన గోధుమరంగు మెత్తటి ముక్కల్ని పనీర్ వేపుడు అనుకుని రెండు గిన్నెలు లాగించేశాడు. అది ఓముక్, చేప ముద్దతో చేసేది. అడిగి తెలుసుకున్నాక ఆ సాయంత్రం ఆయన ఇంకేమీ తినలేదు. అలాంటివాళ్లు ఉంటే తిన్నంత హోటల్ మానేసి మామూలు కొరియన్ హోటల్‌కి వెళ్లండి. గుడ్డు, మాంసం లేకుండా బిబింబాప్ (కూరగాయలు వేసి కలుపుకునే అన్నం) చేసి ఇమ్మంటే చాలాచోట్ల చేస్తారు.

సోయా సాస్‌లో, గోచుజాంగ్ అనే ఎర్ర మిరప ముద్దలో గోధుమ ఉండటం మామూలే. నువ్వుల నూనె అన్నిటిలో ఉంటుంది. అలర్జీ ఉన్నవాళ్లు అది గుర్తుంచుకోవాలి.

బట్టలు, కూర్చునే చోటు

పట్టుచీరలో వెళ్లొద్దు. బల్ల మీద చిమ్నీ గొట్టం వేలాడుతున్నా పొగ వాసన నూలు చొక్కాకే ఒక రోజు ఉంటుంది, ఉన్ని కోటుకి వారం. కొరియాలో చాలాచోట్ల స్టూలు పైమూత తీస్తే లోపల కోటు, బ్యాగు పెట్టుకునే ఖాళీ ఉంటుంది. అమెరికాలో అది దొరక్కపోతే కోటు కారులోనే వదిలి రండి. చున్నీ వేసుకున్నవాళ్లు నడుముకి చుట్టుకోండి. చిన్నపిల్లల్ని పొయ్యికి దూరంగా, బల్ల చివర కూర్చోబెట్టండి.

మొదటి ఆర్డర్

కూర్చోగానే చిన్న చిన్న గిన్నెల్లో పక్కవంటకాలు వస్తాయి. వీటిని బాన్‌చాన్ అంటారు. కిమ్చి, మొలకెత్తిన సోయా గింజలు, పసుపురంగు ముల్లంగి ఊరగాయ, ఉల్లికాడల సలాడ్, ఆలుగడ్డ సలాడ్. ఇవి ఎన్నిసార్లయినా ఇస్తారు, కొరియాలో మామూలు హోటల్‌లోనూ అంతే. ఆకలి మీద వీటితోనే కడుపు నింపుకోవడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు. రెండోది అన్నం. మనకి అన్నం లేకపోతే తిన్నట్టుండదు, నిజమే. కానీ మొదట్లోనే గిన్నెడు అన్నం తింటే ఇంకో అరగంటకే చేతులెత్తేస్తారు. కోక్ కూడా అంతే.

నలుగురుంటే మొదటి విడతకి మూడు ప్లేట్లు చెప్పండి, అంతకుమించి వద్దు. కొన్నిచోట్ల ఒక విడతకి ఇన్ని ప్లేట్లే అని వాళ్లే కట్టడి చేస్తారు, అది మీ మంచికే. గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లు ఎక్కువేం లేవు.

సామ్‌గ్యోప్‌సల్: పోర్క్ బెల్లీ. "మూడు పొరల మాంసం" అని అర్థం. కొరియా వాళ్లకు దీని మీద ఎంత మక్కువంటే, మూడు మూడు కలిసొస్తుందని మార్చి 3ని సామ్‌గ్యోప్‌సల్ రోజుగా చేసుకుంటారు.

చాదోల్‌బేగి: కాగితంలా కోసిన బీఫ్ బ్రిస్కెట్, అంటే ఛాతీ భాగం. అన్నిటికంటే త్వరగా కాలేది ఇదే.

మోక్‌సల్: పోర్క్ మెడ భాగం. కొవ్వు తక్కువ కావాలంటే ఇది.

బుల్గోగి: సోయా సాస్, చక్కెర, వెల్లుల్లి, నువ్వుల నూనె, కొరియన్ పియర్ పండు రసంలో నానబెట్టిన పల్చటి బీఫ్. పేరుకి అర్థం "నిప్పు మాంసం", రుచి మాత్రం తియ్యగా ఉంటుంది.

గల్బి: పక్కటెముకలు. ఎల్.ఏ. గల్బి అని ఉంటే ఎముకలకు అడ్డంగా పల్చగా కోసినది, ప్రతి ముక్కలో మూడు గుండ్రటి ఎముకలు కనిపిస్తాయి.

చికెన్ ఒకటి సోయాలో, ఒకటి ఎర్ర కారంలో నానబెట్టి ఇస్తారు. మనవాళ్లు ఎర్రదే అడుగుతారు, కానీ అదీ తియ్యగానే ఉంటుంది. గోచుజాంగ్ కారం మన గుంటూరు కారంలా ఘాటుగా ఉండదని ముందే చెప్పి తీసుకెళ్లండి, లేకపోతే పెదవి విరుస్తారు.

ఏ క్రమంలో తెప్పించాలి అంటే: ముందు నానబెట్టనివి, తర్వాత నానబెట్టినవి. కారణం రుచి ఒక్కటే కాదు. నానబెట్టినదానిలో చక్కెర ఉంటుంది. అది పెనానికి అంటుకుని నల్లగా మాడుతుంది. మొదటి ప్లేటే బుల్గోగి అయితే ఆ తర్వాత వేసిన ప్రతిదీ మాడు వాసనే వేస్తుంది. నా మొదటి లిస్టు చాదోల్‌బేగి, సామ్‌గ్యోప్‌సల్, ఒక ప్లేటు పుట్టగొడుగులు, ఉల్లిపాయలు. చాదోల్‌బేగి నిమిషంలో అయిపోతుంది కాబట్టి అందరి ఆకలీ చల్లారుతుంది, ఈలోపు మందపాటి పోర్క్ నెమ్మదిగా కాలుతుంది. బీఫ్ తినని బల్లకైతే పల్చగా కోసిన పోర్క్‌తో, అదీ వద్దంటే రొయ్యలతో మొదలుపెట్టండి.

పట్టకారు ఒక్కరికే

ఇంట్లో దోశలు నలుగురు కలిసి పోయరు కదా. ఇదీ అంతే. ఒకరు కాల్చాలి, మిగతావాళ్లు తినాలి, మధ్యలో కావాలంటే చేతులు మారాలి. ఆ ఒక్కరు ఆకలికి బాగా ఓర్చుకునే మనిషైతే మంచిది.

పట్టకార్లు మాత్రం రెండు అడగండి, ఒకటి పచ్చి మాంసానికి, ఒకటి కాలినదానికి. తినే చాప్‌స్టిక్స్‌తో పచ్చి చికెన్ తిప్పి అవే నోట్లో పెట్టుకోవడం ప్రతి బల్ల దగ్గరా చూస్తుంటాను. కడుపు నొప్పి వస్తే ఆ తర్వాత హోటల్‌ని తిట్టుకుంటారు.

పెనం బాగా వేడెక్కేదాకా ఆగండి. అరచెయ్యి జానెడు పైన పెడితే రెండు మూడు సెకన్లకే వెనక్కి తీసుకోవాలనిపించాలి. ఒక ముక్క వేసి చూడండి. చుయ్యిమనకపోతే ఇంకా ఆగాలి. చల్లటి పెనం మీద వేస్తే మాంసం నీళ్లు వదిలి ఉడుకుతుందే తప్ప కాలదు.

పల్చటి చాదోల్‌బేగిని కుప్పగా పడేయకుండా ఒక్కొక్క చుట్టా విప్పి పరవాలి. రంగు మారగానే తిప్పి, ఇంకో పది ఇరవై సెకన్లకి తీసేయాలి. ఇంతకంటే ఉంచితే తోలు ముక్కే.

సామ్‌గ్యోప్‌సల్‌కి ఓపిక కావాలి. పొడవాటి ముక్కను అలాగే వేసి ముట్టుకోకుండా వదిలేయండి. కింద బంగారు రంగు వచ్చాక ఒకసారి తిప్పండి. రెండో వైపు కూడా సగం అయ్యాక కత్తెరతో అంగుళం ముక్కలుగా కత్తిరించండి. మాంసానికి కత్తెరేమిటని మొదటిసారి నవ్వొస్తుంది, రెండోసారికి ఇంట్లో కూడా మొదలుపెడతారు. కత్తిరించిన అంచుల్ని కూడా పెనానికి ఆనించి కాల్చాలి. పెనం ఒక వైపుకి వాలి ఉంటే, కొవ్వు కారే ఆ పల్లంలో కిమ్చి, మొలకలు వేసేయండి. ఆ కొవ్వులో వేగిన కిమ్చి ముందు గిన్నెలోది చప్పగా అనిపిస్తుంది. వెల్లుల్లి రెబ్బల్ని చిన్న గిన్నెలో నువ్వుల నూనె పోసి పెనం అంచున పెడితే, మాంసం అయ్యేసరికి మెత్తబడతాయి.

చికెన్ విషయంలో జాగ్రత్త. మసాలా పట్టించిన చికెన్ పైన నల్లబడుతుంది, లోపల గులాబీ రంగులోనే ఉంటుంది. మంట తగ్గించండి, సగం కాలాక కత్తెరతో చిన్నగా కత్తిరించి మళ్లీ కాల్చండి. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం చికెన్ లోపల 74 డిగ్రీల సెల్సియస్ రావాలి, పోర్క్ ముక్క 63 వచ్చాక మూడు నిమిషాలు పక్కన ఉంచాలి. బల్ల దగ్గర థర్మామీటర్ ఎవరు తెస్తారు? చికెన్ మధ్యలో కోసి చూస్తే ఎక్కడా గులాబీ రంగు ఉండకూడదు, చూడటానికి నాకున్న కొలత అదొక్కటే. రొయ్య ఎర్రబడి ఒంపు తిరగగానే తీసేయొచ్చు.

కొవ్వు పడి మంట పైకి లేస్తే మాంసాన్ని పక్కకి జరిపి పొయ్యి తగ్గించండి. నీళ్లు చల్లొద్దు.

పెనం నల్లబడితే మార్చమని అడగండి. కొరియాలో "బుల్‌పన్ కారా జుసెయో" అంటారు. అక్కడ బల్లకి ఉన్న బెల్ నొక్కుతారు, లేదా "జొగియో" అని గట్టిగా పిలుస్తారు, అది అమర్యాదేం కాదు. అమెరికాలో చెయ్యి ఎత్తితే చాలు. ఒక భోజనంలో రెండుసార్లు మార్పించుకోవడం మామూలే. నానబెట్టిన మాంసం వేసే ముందు ఒకసారి, అది అయ్యాక ఒకసారి.

నోట్లో పెట్టుకోవడం

దీన్ని స్సమ్ అంటారు. అరచేతిలో లెట్యూస్ ఆకు పరిచి, దొరికితే దాని మీద పెరిల్లా ఆకు వేసి (వాసన కాస్త సోంపుకి దగ్గరగా ఉంటుంది), ఒక మాంసం ముక్క, కాస్త స్సమ్‌జాంగ్, వేగిన వెల్లుల్లి, ఉల్లికాడలు పెట్టి మడిచి మొత్తం ఒకేసారి నోట్లో వేసుకోవాలి. కిళ్ళీ వేసుకున్నట్టే. సగం కొరికితే లోపలున్నదంతా చొక్కా మీదే. అందుకే చిన్నదిగా చుట్టుకోండి.

స్సమ్‌జాంగ్ అంటే సోయా ముద్ద, గోచుజాంగ్ కలిపిన గట్టి సాస్. ఇది కాక నువ్వుల నూనెలో ఉప్పు, మిరియాలు కలిపినది ఇంకో గిన్నెలో ఇస్తారు. నానబెట్టని బీఫ్‌కి అదే నప్పుతుంది. పప్పు నూనె వాసనతో పెరిగినవాళ్లకి ఆ గిన్నె మొదటి ముద్దకే చుట్టమైపోతుంది. నానబెట్టినవాటికి ఏ సాసూ అక్కర్లేదు.

కొరియన్ పెద్దవాళ్లతో వెళ్తే వాళ్లు మొదలుపెట్టేదాకా ఆగండి. గ్లాసులో పోసేటప్పుడు రెండు చేతులతో పోయాలి. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకూడదు, అది చనిపోయినవాళ్లకు పెట్టే తీరు. అన్నానికి వాళ్లు చెంచానే వాడతారు, కాబట్టి చాప్‌స్టిక్స్ రాకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు.

రెండో విడత నుంచి

ప్లేట్లు రావడానికి కొంచెం టైమ్ పడుతుంది. అందుకని చివరి ప్లేటు పెనం మీదకి ఎక్కగానే తర్వాతది చెప్పండి. మొదటి విడత అయ్యాక బల్ల మీద పచ్చి ప్లేట్లు రెండుకి మించి ఉండకూడదు, నేను పెట్టుకున్న లెక్క ఇదే. గంట దాటాక ఒక్కొక్క ప్లేటే. అప్పటికి అందరి మాటలూ నెమ్మదిస్తాయి, చేతులు ఆకుల మీదకి పోవు. అదే సూచన. "ఇంకొక్కటి చెబుదాం, ఇచ్చిన డబ్బులు రావాలి కదా" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మనిషి మాట వింటే మిగిల్చినదానికి మళ్లీ డబ్బు కట్టాల్సొస్తుంది. మిగిలినది పార్సిల్ కూడా ఇవ్వరు.

చివర్లో కారంగా వేడిగా ఏదైనా కావాలంటే దోయెన్‌జాంగ్ జిగే. ఎండాకాలమైతే నేంగ్‌మ్యోన్, మంచు ముక్కలు తేలే చల్లటి పులుసులో బక్‌వీట్ నూడుల్స్. వేడివేడి మాంసం తిన్నాక చల్లటి నూడుల్స్ ఏమిటని నేను చాలాకాలం తప్పించుకున్నాను. ఇప్పుడు దానికోసమే కడుపులో కాస్త చోటు ఉంచుకుంటాను. కొన్నిచోట్ల ఇది ధరలో కలిసి ఉండదు, అడిగి చెప్పండి. ఇంకా అన్నం మీద మనసుంటే, మిగిలిన కిమ్చి, నాలుగు మాంసం ముక్కలు సన్నగా కత్తిరించి పెనం మీదే అన్నంతో కలిపి వేయించుకోవచ్చు, అడుగున మాడు పట్టేదాకా. మా పిల్లలు దానికోసమే వస్తారు.

బిల్లు

అమెరికాలో 15 నుంచి 20 శాతం టిప్ ఇవ్వాలి. కాల్చుకున్నది మనమే కదా అని కొంతమంది తగ్గిస్తారు, అది పద్ధతి కాదు. పదిసార్లు ప్లేట్లు తెచ్చి, కాలుతున్న పెనాలు మార్చింది వాళ్లే. అయితే ఆరుగురో అంతకంటే ఎక్కువో ఉంటే చాలాచోట్ల టిప్ బిల్లులోనే కలిపేస్తారు, చూసుకోకుండా రెండుసార్లు ఇచ్చేయొద్దు. కొరియాలో టిప్ అలవాటే లేదు, బల్ల మీద డబ్బులు వదిలితే మర్చిపోయారనుకుని వెంట పరుగెత్తి ఇస్తారు.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర బట్టల మీద కొట్టుకునే స్ప్రే సీసా ఉంటే వాడుకోండి. ఇంటికి వెళ్లాక చొక్కాలు లాండ్రీ బుట్టలో వేయకుండా గరాజ్‌లోనే తగిలించండి. బుట్టలో వేస్తే మర్నాటికి బుట్టలోవన్నీ సామ్‌గ్యోప్‌సలే.